రెండూ ఎడమ చేతులే

మా కుట్టుషాపులో టేపు మా వాడిది, కత్తెర కోడలిది, సూది నాది. మా ఆయన పోయేముందు అలా పంచి పెట్టి పోయాడు, ఆస్తి పంచినట్టు. ముందు గదిలో గాజుతలుపు పక్కన మా వాడు కొలతలు తీస్తాడు, మిషను మీద కుడతాడు. లోపలి గదిలో పొడుగాటి బల్ల, దాని ముందు కోడలు. కిటికీ కింద కుర్చీలో నేను, నా కాజాలూ గుండీలూ అంచులూ. వెనక వంటిల్లు. పైన పడకగదులు. ఎవరికి కోపం వచ్చినా పోయి కూర్చోవడానికి వేరే చోటు లేదు కాబట్టి మా ఇంట్లో కోపాలు తొందరగానే తగ్గుతాయి.

కొలతలు కాగితం మీద రాసే అలవాటు మాకు లేదు. అది మా ఆయన పెట్టిన పద్ధతి. "కాగితం ఎగిరిపోతుంది, గుడ్డ ఎగరదు" అనేవాడు. ముందు గదిలోంచి మా వాడు "ఛాతీ నలభై!" అని కేకేస్తాడు. లోపల్నుంచి కోడలు "నలభై!" అంటుంది, గుడ్డ మీద సుద్దగీత పడుతుంది. గుడ్డ ఇంకా బల్ల ఎక్కకపోతే ఆ అంకె కోడలి తలలో పడుతుంది, గుడ్డ ఎక్కేదాకా అక్కడే కూర్చుంటుంది. వచ్చినవాళ్ళకి అదో సరదా. "నడుం కొలత మాత్రం కాస్త మెల్లిగా చెప్పండి మాస్టారూ, వీధి చివరికి వినపడుతోంది" అని నవ్వేవాళ్ళు.

కోడలిని మా వీధిలో అందరూ కత్తెరమ్మ అంటారు. నోరు కూడా కత్తెరే అనుకునేరు. నోరు మెత్తన, చెయ్యి పదును.

ఆ జ్వరం ఇల్లిల్లూ తిరిగినప్పుడు మా ఇంటికీ వచ్చింది. నన్ను మా పెద్దమ్మాయి ముందే తన ఇంటికి లాక్కుపోయింది. "ముసలిదానివి, నీకొస్తే ఇక అంతే" అంది. శుభం పలకవే అంటే అదీ దాని తీరు. నేను తిరిగొచ్చేసరికి కొడుకూ కోడలూ ఇద్దరూ లేచి తిరుగుతున్నారు. దగ్గు పోయింది, ఒళ్ళు చల్లబడింది. అయితే తలల్లో ఏదో మిగిలిపోయింది.

మా వాడిది అందరికీ కనపడింది. మాట నాలుక దాకా వచ్చి ఆగిపోయేది. ఒకాయన చొక్కా పట్టుకుని, "దీనికి ఆ... ఆ మెడకి వేసేది... అదేమిటమ్మా?" అన్నాడు. పుట్టిన దగ్గర్నుంచి కాలర్ల మధ్య పెరిగినవాడు కాలరన్న మాట మర్చిపోయాడు. టేపు మెడలో వేసుకుని టేపు కోసం ఇల్లంతా వెతికాడు. "నా తలలో దూది కూరారే, ఎవరో దూది కూరారు" అని అరిచేవాడు. వాడు అరిస్తే ఇల్లు కదులుతుంది. పెద్దమ్మాయి పళ్ళు పంపింది. ఎదురు షాపాయన పలకరించి పోయాడు. కోడలు మధ్యాహ్నం వాణ్ణి పైకి పంపి ముందు గది కూడా తనే చూసుకుంది. నేనైతే వాడు తాగిన గ్లాసు కూడా వాణ్ణి తియ్యనివ్వలేదు.

కోడలిది ఎవరికీ కనపడలేదు. నాకు కనపడింది, నేను రోజంతా కూర్చునేది అక్కడే కదా. పాలు పొయ్యి మీద పెట్టి బల్ల దగ్గరికి వస్తే పాలు పొంగేవి. బల్ల దగ్గర సుద్ద పట్టుకుని నిలబడి, వంటింట్లో గిన్నె చప్పుడైతే అటు చూసి, తిరిగి గుడ్డ వైపు చూసి, గీత ఎక్కడ ఆపిందో వెతుక్కునేది. ఒకే పని అయితే బాగానే చేసేది. రెండు కలిస్తే రెండూ చేజారేవి. పొయ్యి మీద ఏదైనా ఉంటే గరిటె తెచ్చి బల్ల మీద, కళ్ళెదురుగా పెట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఇదేమిటమ్మాయ్, గరిటెతో కత్తిరిస్తావా ఏం?" అన్నాను.

"గుడ్డ మెత్తగా ఉడికిందో లేదో చూద్దామని అత్తయ్యా" అని నవ్వేసింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆ గరిటె వైపు ఇంకోసారి చూశాను.

మా వాడిని వీధి మలుపులో ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్ళాం. అక్కడ కుర్ర డాక్టరు కొన్ని మాటలు చదివి, తిరిగి చెప్పమన్నాడు. చెట్టు, గొడుగు, రైలు, ఉంగరం, అలా. మా వాడు చెట్టు దగ్గరే ఆగిపోయాడు. రైలు వాడికి దొరకలేదు. "నాకూ కొంచెం అలాగే ఉందండీ" అని కోడలు మెల్లిగా అంది. అదే పరీక్ష తనకీ పెట్టాడు. కోడలు గడగడా అన్నీ చెప్పేసింది, ఒక్క గొడుగు వదిలింది. "మీకేం లేదమ్మా, నిక్షేపంగా ఉన్నారు. ఆయనకి బాగాలేదని మీకు కంగారు. కాస్త నిద్రపోండి" అని బలానికి మాత్రలు రాశాడు. వాడికేమో విశ్రాంతి, నెలనెలా చూపించుకోవడం, బరువు పనులు మానెయ్యడం. బయటికి రాగానే మా వాడు, "చూశావా, నీకేం లేదట" అన్నాడు, మంచి మాట చెప్పినట్టు. ఆ 'ఏం లేదు'ని మాత్రలతో పాటు సంచీలో వేసుకుని కోడలు ఇంటికి వచ్చింది.

నెలలు గడిచాయి. మా వాడు తేరుకున్నాడు. కాలరు తిరిగొచ్చింది, రైలు తిరిగొచ్చింది, వెటకారం కూడా తిరిగొచ్చింది. అప్పుడు వచ్చింది గడియారాల ఆయన కోటు.

గడియారాలు బాగుచేసే ఆయన మాకు పాత ఖాతా. మనిషి భారీ. సన్నబడ్డాక కోటు కుట్టించుకుంటానని ఒక మంచి గళ్ళ గుడ్డ కొని బీరువాలో దాచాడు. గుడ్డ అలాగే ఉంది, ఆయనా అలాగే ఉన్నాడు. చివరికి ఈ జ్వరం వచ్చి ఆయన్ని సగం చేసి వదిలింది. గుడ్డ చంకలో పెట్టుకుని పెళ్ళికొడుకులా వచ్చాడు. "మళ్ళీ ఊరకముందే కుట్టెయ్యండి మాస్టారూ!" అన్నాడు. అలాంటి గుడ్డ ఇప్పుడు నేసేవాళ్ళు లేరు. కోటుకి సరిగ్గా సరిపోతుంది, జానెడు మిగలదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మామూలు గుడ్డయితే మడత పెట్టి ఒకే దెబ్బకి రెండు చేతులూ కత్తిరిస్తాం. కుడీ ఎడమా వాటంతట అవే వస్తాయి. గళ్ళ గుడ్డ అలా కాదు. గడికి గడి కలవాలి కాబట్టి ఒక్క పొరగా పరిచి ఒక చెయ్యి కత్తిరించి, ఆ ముక్కని తిరగేసి పెట్టి, దాని చుట్టూ గీసి రెండోది కత్తిరించాలి. తిరగెయ్యడమే అందులో కిటుకు.

మా వాడు మిషను మీద ఎడమ చెయ్యి ఎక్కించాడు. రెండోది తీసుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మిషను ఆగిపోయింది.

"ఇదిగో, ఇలా రా ఒకసారి" అన్నాడు.

కోడలు వచ్చింది.

"ఇదేమిటిది?"

"చెయ్యి."

"ఏ చెయ్యి?"

కోడలు దాన్ని తీసుకుని బల్ల మీద పరిచింది. నున్నటి వైపు పైకి ఉంది. వంపు చూసింది. కోటుకెక్కిన ఎడమ చెయ్యి చూసింది. "ఎడమది" అంది, చాలా మెల్లిగా.

"రెండూ ఎడమ చేతులే! ఆయనకేమైనా కుడిచెయ్యి లేదా? కొలత తీసినప్పుడు ఉంది, నేను చూశాను!"

ఇంకెప్పుడైనా అయితే అందరం నవ్వేవాళ్ళం. కోడలు నవ్వలేదు. "వంటింట్లో కుక్కరు కూసింది. కట్టేసి వచ్చాను. తిరగేశాననుకున్నాను" అంది. ఆ ముక్క చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది.

ఇలాంటి కబురు మా పెద్దమ్మాయికి ఎలా చేరుతుందో నాకిప్పటికీ తెలీదు. మర్నాడే దిగింది. కాళ్ళు కడుక్కోకముందే మొదలుపెట్టింది.

"తమ్ముడూ, మా మరిది బట్టల ఫ్యాక్టరీలో కటింగు చేసేవాడు, అది మూసేశారు, ఇంట్లోనే ఉన్నాడు. రేపట్నుంచి వచ్చి బల్ల దగ్గర నిలబడతాడు. అమ్మాయిని గుండీలకి కూర్చోబెట్టు, అమ్మకీ తోడుగా ఉంటుంది."

"ఎన్నాళ్ళు వదినా?" అంది కోడలు.

"ఎన్నాళ్ళేమిటి? నీ మంచికే చెప్తున్నా. ఇవాళ చేతులు, రేపు ఇంకేం కోస్తావో! మర్చిపోయే మనిషి చేతిలో కత్తెరా?"

"మీ తమ్ముడు మర్చిపోయినప్పుడు టేపు లాక్కోలేదు కదా వదినా."

"వాడికి జ్వరం వచ్చి మర్చిపోయాడమ్మా!"

"నాకూ వచ్చింది."

అప్పుడు మా వాడు అన్నాడు ఆ మాట. చెడ్డవాడు కాదు. అయినా అన్నాడు. "ఇద్దరికీ అదే జ్వరం. ఒకే మంచం మీద పడ్డాం. నాకు తగ్గలేదూ? నీకెందుకు తగ్గదు? మనసు పెట్టడం లేదు, అంతే. అక్కా, మీ మరిదిని తీసుకురా."

కోడలు తన పెద్ద కత్తెరని గుడ్డతో తుడిచి, గోడకున్న మేకుకి తగిలించి, వంటింట్లోకి వెళ్ళింది. నేను సూది పక్కన పెట్టి వెనకే వెళ్ళాను.

పొయ్యి వెలిగించలేదు. ఊరికే దాని ముందు నిలబడి ఉంది.

"ఎలా ఉంటుందే నీకు? నాతో చెప్పు."

"అద్దం మీద ఆవిరి పట్టినట్టు అత్తయ్యా. తుడుస్తాను, కనపడుతుంది. పక్కకి చూసి వచ్చేలోగా మళ్ళీ పడుతుంది. నెలలో కొన్ని రోజులైతే మరీ దట్టంగా. సాయంత్రానికి ఒళ్ళు పిండేసినట్టవుతుంది." పొయ్యి మీద ఎండిన పాల మరకని గోటితో గీకింది. "ఆయన మర్చిపోతే జ్వరం మరిపించింది అంటారు. నేను మర్చిపోతే నేనే మర్చిపోయానంటారు. ఆ బల్ల దిగితే మళ్ళీ ఎక్కనివ్వరు అత్తయ్యా. నాకు వచ్చింది అదొక్కటే."

నాకు చదువు అబ్బలేదు కానీ విన్నది పోదు. ఎవరెప్పుడు ఏ గొంతుతో ఏమన్నారో అంతా ఉంటుంది, చెత్తతో సహా. ఆ సాయంత్రం కాజాలు కుడుతూ, ఈ నెలల్లో ముందు గదికీ లోపలి గదికీ మధ్య తిరిగిన కేకలు ఒక్కొక్కటే వెనక్కి విన్నాను. జ్వరానికి ముందు వాడు "ఛాతీ నలభై" అంటే ఇది "నలభై" అనేది. జ్వరం తర్వాత వాడు "ఛాతీ..." అని ఆగేవాడు, ఇది "ఇందాక నలభై అన్నారుగా" అనేది. "ఈయన పేరు..." అని వాడు ఆగితే, ఇది లోపల్నుంచి "బ్యాంకాయన, పోయినసారి జేబు పెద్దది కావాలన్నారు" అని అందించేది. వాడు తేరుకున్నాడా అంటే తేరుకున్నాడు. తేరుకునేదాకా ఆనుకున్నది మాత్రం దీని తలకి. అసలే ఆవిరి పట్టిన తల, దాని మీద రెండు తలల బరువు. అంతే కాదు, వాడు మధ్యాహ్నం పైన పడుకుంటే కింద ఇది నిలబడింది. ఇది పడుకున్నది ఎప్పుడు? ఎంత వెతికినా నాకు అది మాత్రం దొరకలేదు.

పొద్దున్నే మా వాడితో చెప్పాను. "మీ అక్క మరిదిని ఆగమను. పెద్దాస్పత్రిలో ఈ జ్వరం తర్వాత చిక్కుల్ని చూసే డాక్టరమ్మ ఉందట. నీ కోసం ఆస్పత్రికి వెళ్ళినట్టే దీని కోసమూ వెళ్దాం. నేనూ వస్తాను."

"నువ్వెందుకమ్మా అంత దూరం?"

"బస్సులో సీటిస్తారులే, నన్ను చూస్తే."

డాక్టరమ్మ గది చిన్నది, కిటికీలో ఒక మొక్క, బల్ల మీద చల్లారిపోయిన టీ. ఆవిడ కూడా మాటల పరీక్షే పెట్టింది. కోడలు ఈసారి రెండు వదిలింది, మిగతావి చెప్పింది. "బాగానే ఉందిగా డాక్టరుగారూ?" అన్నాడు మా వాడు.

"ఉండాల్సిన గీతకి పైనే ఉన్నారు" అంది ఆవిడ. కోడలి మొహం వాడిపోయింది. మళ్ళీ ఏమీ లేదంటారని. కానీ ఆవిడ కలం కింద పెట్టి, "జ్వరానికి ముందు ఈవిడ ఎలా ఉండేవారు? ఎవరు చెప్తారు?" అంది.

"మామూలుగానే ఉండేదండీ" అన్నాడు మా వాడు.

"నేను చెప్తానమ్మా" అన్నాను. "ఒకసారి ఒక ఇంటివాళ్ళు మొత్తం కట్టకట్టుకుని వచ్చారు, ముసలాయన దగ్గర్నుంచి తప్పటడుగుల పిల్లాడి దాకా. గుడ్డలు తర్వాత పంపిస్తామన్నారు. వీడు ఒక్కొక్కళ్ళనీ కొలిచి కేకలేశాడు. ఇది లోపల మా పెద్దమ్మాయి పసిదాన్ని భుజాన వేసుకుని జోకొడుతూ, పొయ్యి మీద చారు చూస్తూ, 'ఆ, ఆ' అంటూ వింది. గుడ్డలు వచ్చింది వారం తర్వాత. ఒక్కటి తిరిగి అడగలేదు. ఎవరిదీ ఎవరికీ మారలేదు. ముసలాయనకి ఒక భుజం కిందికి ఉంటే అది కూడా గుర్తుపెట్టుకుంది, ఆ సంగతి వీడు చెప్పనేలేదు, ఆయన కుర్చీలోంచి లేస్తుంటే తలుపు సందులోంచి చూసిందట. ఇప్పుడేమో కుక్కరు కూస్తే చెయ్యి తిరగెయ్యడం పోయింది."

డాక్టరమ్మ నవ్వింది. కానీ రాసుకుంది. తర్వాత ఇంకో పరీక్ష పెట్టింది. కాగితం మీద చెల్లాచెదురుగా అంకెలున్నాయి, వాటిని వరసగా గీతతో కలపాలి. కలుపుతూనే నోటితో వెనక్కి లెక్కపెట్టాలి. కోడలు కాసేపు గీసింది. గీత సాగితే లెక్క ఆగింది, లెక్క సాగితే గీత ఆగింది. చివరికి కలం పెట్టేసి, "ఇదేనండీ. ఇదే అవుతోంది" అని కళ్ళు తుడుచుకుంది. ఏడుపు కూడా కాదది, ఇన్నాళ్ళకి ఎవరికో కనపడిందన్న సంబరం.

"మాటలు గుర్తుపెట్టుకోవడంలో మామూలుగానే ఆడవాళ్ళది కాస్త పైచెయ్యి" అంది డాక్టరమ్మ, మా వాడి వైపు తిరిగి. "అందుకని పైనుంచి ఎంతో జారినా అందరి గీత దగ్గర ఆగుతారు, మేం బాగున్నారనేస్తాం. మీరు అందరి గీతకీ కిందికి జారారు, అందరికీ తెలిసింది. ఈవిడ తన గీత నుంచి జారారు, ఆ గీత ఎక్కడుందో ఈ అమ్మమ్మగారికి తప్ప ఎవరికీ తెలీదు."

"ఒకే జ్వరం కదండీ. నాకు తగ్గి ఈమెకెందుకు తగ్గదు?" ఈసారి వాడు ఎత్తిపొడవలేదు, నిజంగానే అడిగాడు.

"మగవాళ్ళకి రాదని కాదు, మీకు వచ్చిందిగా. కానీ తలకి పట్టే ఈ మబ్బు ఆడవాళ్ళలో ఎక్కువమందికి ఉంటోంది, చాలామందికి ఎక్కువకాలం ఉంటోంది. ఎందుకో పూర్తిగా ఇంకా తెలీదు. రోగంతో ఒళ్ళు పోట్లాడే తీరు ఇద్దరిలో ఒకటి కాదు. నెలసరి మార్పుల పాత్ర కూడా ఉండొచ్చంటున్నారు. ఇంకా చూస్తున్నారు." ఆవిడ టీ ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. "సరే, అది మాకు వదిలెయ్యండి. మీకు బాగాలేనప్పుడు మీ పని ఎవరు చూశారు?"

"ఈమే."

"ఈవిడకి బాగాలేనప్పుడు?"

మా వాడు నా వైపు చూశాడు. నేను కిటికీలో మొక్క వైపు చూశాను. ఈ జవాబు వాడే చెప్పాలి. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

మందు బిళ్ళలు పెద్దగా రాయలేదు. రక్తపరీక్షలు రాసింది. ఒకసారికి ఒకే పని, అలిసిపోకముందే ఆగడం, మధ్యాహ్నం పడుకోవడం, అలా చెప్పింది. "ఎప్పటికి తగ్గుతుందండీ?" అని కోడలు అడిగితే, "మాటివ్వలేను. చాలామందికి మెల్లగా తగ్గుతోంది" అంది. అబద్ధం చెప్పనందుకు నాకు ఆవిడ నచ్చింది.

"కత్తెర పట్టొచ్చా?" కోడలు అడగాలనుకున్న మాట అదొక్కటే.

"పట్టండి. కుక్కరు సంగతి ఇంకెవరైనా చూసుకుంటే."

ఇంటికొచ్చేసరికి పెద్దమ్మాయి, దాని మరిది గాజుతలుపు దగ్గర ఉన్నారు. మరిది తన కత్తెర కూడా తెచ్చుకున్నాడు, తోలు సంచీలో. నెమ్మదస్తుడు పాపం, వదిన లాక్కొస్తే వచ్చాడు.

"ఏమన్నారు? ఏం లేదన్నారా?" అంది పెద్దమ్మాయి.

"ఉందన్నారు" అన్నాడు మా వాడు. "అక్కా, బల్ల ఖాళీ లేదు."

"నువ్వు చెప్పినట్టే తీసుకొచ్చానురా!"

"నేను తప్పు చెప్పాను." వాడు మరిది వైపు తిరిగాడు. "బావా, ఈ చివర లైనింగులూ పైజామాలూ ఉంటాయి, కొన్నాళ్ళు అవి కత్తిరిస్తానంటే రా. ఆ చివర ఆమెది. ఆ మేకు కూడా ఆమెదే, నీ కత్తెరకి ఇంకోటి కొడతాను." అని, టేపు మెడలోంచి తీసి మిషను మీద పడేసి తిన్నగా వంటింట్లోకి నడిచాడు. "ఈ కుక్కరు ఎన్ని కూతలకి కట్టాలే?" అని అరిచాడు.

"ముందు నీళ్ళు పొయ్యండి!" అంది కోడలు.

పెద్దమ్మాయి నా పక్కన కూలబడింది. "వీడు వండింది నువ్వు తింటావా అమ్మా?"

"జ్వరమే ఏమీ చెయ్యలేకపోయింది, వీడి వంటేం చేస్తుందిలే" అన్నాను.

గడియారాల ఆయనకి కోడలే చెప్పింది. ఎవరినీ చెప్పనివ్వలేదు. కోటుకెక్కిన చెయ్యి విప్పి, రెండు ఎడమ చేతులూ ఆయన ముందు పరిచి, "నావల్లే అయిందండీ. జ్వరం తర్వాత నాకు తల సరిగ్గా నిలవడం లేదు" అంది. ఆయన ఆ ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాడు. "మా ఆవిడా ఇదే అంటుంది. నేనే వినిపించుకోవడం లేదు" అన్నాడు. తర్వాత తనకి చేతుల్లేని కోటే కుట్టమన్నాడు. "నాకు పనిలో చేతులు అడ్డమే. మళ్ళీ లావైనా పక్కలు వదులు చేసుకోవచ్చు. ఆ మిగిలిన ముక్కలతో జేబులు ఎక్కువ పెట్టండి, స్క్రూలు వేసుకోవడానికి." వెళ్తూ వెళ్తూ ఆ డాక్టరమ్మ ఎక్కడ కూర్చుంటుందో అడిగాడు.

ఆవిరి ఇంకా ఉంది. కొన్నాళ్ళు పలచగా, కొన్నాళ్ళు దట్టంగా. మా ఆయన పద్ధతి మాత్రం మార్చాం. గుడ్డ బల్ల ఎక్కాకే కొలత, ఒకసారికి ఒక్కటే. నిన్న ఒక పిల్ల గౌను, అదీ గళ్ళదే. మా వాడు ముందు గదిలోంచి "భుజం పదకొండు!" అన్నాడు.

లోపల్నుంచి జవాబు లేదు. కోడలు సుద్ద పట్టుకుని నిలబడి ఉంది. ఇదివరకైతే ఏదో ఒకటి గీసేది.

"ఏవండీ, మళ్ళీ చెప్పండి."

"పదకొండు."

"ఇంకోసారి."

మా వాడు టేపు మెడలో వేసుకుని లోపలికి వచ్చి, బల్ల పక్కన నిలబడి, "పదకొండు" అన్నాడు. కోడలు గీత గీసింది. ఒక చెయ్యి కత్తిరించి, ముక్కని తిరగేసి పెట్టి, నా వైపు చూసింది.

"ఇది కుడిదే కదా అత్తయ్యా?"

నేను కళ్ళజోడు సవరించుకుని చూశాను.

"కుడిదే. కానియ్యమ్మా."